ఉత్తరం పైన పెట్టి చూసిన ఫోటో

నేను ఒక ఫోటోని. పెళ్లి ఫోటోని కాదు, విమానం పొట్టకి బిగించిన కెమెరా తీసిన ఫోటోని. యుద్ధం రోజుల్లో, ఒక శీతాకాలం మధ్యాహ్నం, ఈ రేవు పట్నం మీదుగా ఎగురుతూ తెల్లదొరలు నన్ను తీశారు. బాంబులు పడితే దూరడానికి తమ బంగళాల చుట్టూ కందకాలు తవ్వించుకున్నారు కదా, అవి పైనుంచి శత్రువుకి కనిపిస్తాయేమోనని వాళ్ల బెంగ. దొరలకి కందకం, గుమాస్తాలకి కందకం, దొరల గుర్రాలకి కూడా ఇసుక బస్తాల గోడ! ఒడ్డునున్న జాలరివాడకి ఒక్క గొయ్యి తవ్వలేదు. అంతకుముందు బాంబులు పడ్డ రోజున ఆ జనం ఇసుకలో బోర్లా పడుకున్నారు. కొందరు లేచారు. లేవనివాళ్లని వాడ వెనకే పూడ్చి, మీద ఇసుక కుప్పలు పోశారు. ఆ కుప్పల వరస నాలో ఉంది.

దొరలు పోయారు. నేను బీరువాలు మారాను. ఒడ్డున పెద్ద హోటల్ కట్టాలని ఎవరికో బుద్ధి పుట్టేదాకా నన్ను పలకరించిన మనిషి లేడు.

అప్పుడొచ్చింది మర్యాద! ఆ ఒడ్డు భూమి ఎవరిదో తేల్చడానికి సర్కారు పిలిపించిన వామనరావు అనే ఫోటోల నిపుణుడు చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని నన్ను ఎత్తాడు. ఆఫీసు ఆచారం ప్రకారం ఉత్తరం పైకి వచ్చేలా పెట్టాడు. అక్కడే చెడింది. శీతాకాలం ఎండ దక్షిణం నుంచి వస్తుంది, నీడ ఉత్తరానికి పడుతుంది. వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందనుకునే కన్ను అలాంటి ఫోటోలో మెరకని పల్లంగా, పల్లాన్ని మెరకగా చూస్తుంది. నీడ తన వైపు పడేలా తిప్పితే చాలు, అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. ఆయన తిప్పలేదు. బంగళాల దగ్గరి నిజం కందకాలు ఆయనకి పూలమడుల గట్లయ్యాయి. సమాధులు కందకాలయ్యాయి. “ఇక్కడ సర్కారు తవ్వించిన రక్షణ గోతులున్నాయి, కాబట్టి ఇది సర్కారు భూమి, జాలర్లు తర్వాత వచ్చి ఆక్రమించారు” అని తేల్చేశాడు. ఎంత తేలిక! బతికుండగా గొయ్యి ఇవ్వని సర్కారు, చచ్చాక వాళ్ల సమాధుల్నే తన గోతులంది.

విచారణకి వాడ తరఫున మైలపల్లి ఎల్లయమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్మే మనిషి, గొంతు పెద్దది. బల్లకి అవతల కూర్చోబెట్టారు. అటునుంచి నేను సరిగ్గా కనిపిస్తాను.

“గోతులేటి బాబూ? కుప్పలు కదేటి! మాయమ్మమ్మని కప్పెట్టిన కాడివి.”

“నువ్వు తలకిందులుగా చూస్తున్నావమ్మా. ఉత్తరం పైన ఉండాలి,” అన్నాడు వామనరావు.

“ఉత్తరం పైనెడితే సమాధి గొయ్యయిపోద్దేటి? అయితే పడమర పైనెట్టండి, మాయమ్మమ్మ లేసొచ్చి మీకు చేపలు కాల్సెడతాది.”

గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు. విచారణ జరిపే అధికారి నవ్వలేదు. “సాక్ష్యం ఏముందమ్మా?” అన్నాడు.

ఎల్లయమ్మ కొంగు దోపుకుంది. “తవ్వండి. గొయ్యయితే వొట్టి ఇసకొత్తాది. మా ఇల్లు మేమే పీక్కుని పోతాం. మాయమ్మమ్మయితే ఎముకలొత్తాయి. అప్పుడేటి సేత్తారు?”

తవ్వడానికి అందరూ కదిలారు. చోటు సరిచూడటానికి నన్నూ తీసుకెళ్లారు. తెచ్చిన కూలీలు పార ముట్టుకోలేదు. “పాపం మాకొద్దు బాబూ,” అని వెనక్కి జరిగారు. ఎల్లయమ్మే పార పట్టింది. తన వాళ్ల సమాధి తనే తవ్వుకోవాలి, తన ఇంట్లో తను ఉండటానికి! ఏ దేశంలో ఉంది ఈ న్యాయం?

ఇసుక లోంచి ముంజేతి ఎముక వచ్చింది, దానికి ఇత్తడి కడియం. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కూర్చుని రెండు చేతులతో ఇసుక మళ్లీ లోపలికి తోసింది. అధికారి చెప్పులు విప్పాడు. వామనరావు కారెక్కి కూర్చున్నాడు.

వాడ నిలిచింది. కానీ తీర్పు చూడండి. అందులో ఎముక లేదు, కడియం లేదు, నిపుణుడి తప్పు ఊసే లేదు. “ఫోటో అస్పష్టంగా ఉన్నందున నివేదిక ఉపసంహరించడమైనది,” అంతే. నా వీపు మీద ఎర్ర సిరాతో “అస్పష్టం” అని ముద్ర కొట్టి, మళ్లీ బీరువాలో పడేశారు.

తలకిందులుగా ఉన్నన్నాళ్లూ వీళ్లకి నేను స్పష్టంగానే కనిపించాను.