రెండు గంటల గొంతు

దశరథ్ ఎక్కినన్ని విమానాలు ఢిల్లీలో ఏ మంత్రీ ఎక్కి ఉండడు. ఆయన ఎక్కాక కదిలిన విమానం మాత్రం ఒక్కటీ లేదు. ఇరవై ఆరేళ్లుగా ఉద్యోగం అదే. పొద్దున్నే ఘాజియాబాద్‌లో మెట్రో ఎక్కి, రెండు చోట్ల మారి, విమానాశ్రయం పక్కన విమానాలు బాగుచేసే హ్యాంగరు చేరడం. నిలబెట్టిన విమానంలో పైలట్ సీట్లో కూర్చుని, పైలట్ల మాటలు పట్టే రికార్డరు టెస్టు చేయడం. బటన్ నొక్కితే పచ్చలైటు వెలగాలి, హెడ్‌సెట్‌లో కూత వినబడాలి. "ఒకటి, రెండు, మూడు" అంటే తన గొంతే క్షణం ఆలస్యంగా తిరిగి రావాలి. కాకినాడ పాలిటెక్నిక్ చదువు ఇంతకంటే పైకి ఎగరదని ఆయనే నవ్వేవాడు.

మూడో నంబరు పాత విమానంలో మాత్రం కూత తర్వాత హైమవతి మాట్లాడేది. పోయి రెండేళ్లయిన భార్య.

"ఏవండీ, తిన్నారా?"

హ్యాంగర్లో అందరికీ తెలుసు. ఇన్‌ఛార్జ్ సుభాషిణి, వరంగల్ మనిషి, డ్యూటీ చార్టులో ఆ విమానం దశరథ్‌కే వేసేది. మెకానిక్ దీపు కిందనుంచి అరిచేవాడు: "అంకుల్, ఆంటీజీ కో మేరా నమస్తే!"

ఆ రికార్డరు రెండు గంటల మాటలే దాస్తుంది. కొత్త మాట వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. అందుకే బతికున్నప్పటివి తప్ప హైమవతికి రెండు గంటల వెనక సంగతేదీ గుర్తుండదు, తను పోయిన సంగతి కూడా. వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మనేది. సరేననేవాడు. ఒక్కోసారి వెర్రిమొహం వేసుకుని తెచ్చేవాడు కూడా.

ఆవిడ పోయిన రోజు రెండుసార్లు ఫోన్ చేసింది. టెస్టు మధ్యలో ఫోన్ మోగితే హెడ్‌సెట్‌లో గరగరమంటుందని రెండుసార్లూ కట్ చేశాడు. సాయంత్రానికి గుండె ఆగిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ ఫోన్లు ఎందుకు చేసిందో అడగాలంటే, ముందు "నువ్వు లేవు" అని చెప్పాలి. రెండేళ్లుగా నోరు రాలేదు.

ఇవాళ సుభాషిణి కాగితం పట్టుకొచ్చింది.

"అన్నా, దీని అద్దె గడువు అయిపోయింది. రేపు వాపస్ పోతది. రికార్డరు మొత్తం ఎరేజ్ చేసి సంతకం పెట్టాలె." కాగితం తన దగ్గరే ఉంచుకుని, "లంచ్ దాకా టైం తీస్కో" అంది.

ఎరేజ్ బటన్ విమానం నేలమీద ఉండి, పార్కింగ్ బ్రేకు వేసి ఉంటేనే పనిచేస్తుంది. రెండు సెకన్లు నొక్కి పట్టాలి. దశరథ్ బ్రేకు వేసి, హెడ్‌సెట్ పెట్టుకున్నాడు.

"హైమా, నీకో సంగతి చెప్పాలి."

అంతా చెప్పాడు. పోవడం, ఫోన్లు కట్ చేయడం, ఇవాళ చెరిపేయడం. ఆవిడ ముందు కూతురి సంగతే అడిగింది.

"వర్షిణికి జడ ఎవరేస్తున్నారు?"

"హాస్టల్‌కి వెళ్లాక జుట్టు కత్తిరించేసుకుంది."

"మీరు ఒప్పుకున్నారూ?"

"నన్నెవరడిగారు!" అని, ఆయన హెడ్‌సెట్ మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఆ ఫోన్లు... నొప్పొచ్చే చేశావా? నేను ఎత్తుంటే బతికేదానివా?"

"అబ్బే! దానికా రెండేళ్లు కుమిలిపోయారు? గ్యాస్ సిలిండర్ వచ్చిందండీ. ఓటీపీ మీ ఫోనుకే కదా వచ్చేది. అతనేమో గుమ్మంలో నిలబడి విసుక్కుంటున్నాడు. నొప్పీ గిప్పీ ఏం లేదప్పుడు. ఇక నొక్కండి, తొందరగా వెళ్లి భోంచేయండి."

దశరథ్ బటన్ నొక్కాడు. మొదటి సెకనులో, రెండేళ్ల తర్వాత, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. రెండో సెకనులో గుర్తొచ్చింది. వాళ్లింట్లో పైపు గ్యాస్ వచ్చి ఆరేళ్లయింది.

వేలు తీస్తే చాలు, ఆవిడ ఉంటుంది. కానీ అబద్ధం దొరికిపోయిందని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది. తీయలేదు.

దిగేసరికి మెట్ల దగ్గర సుభాషిణి నిలబడి ఉంది.

"ఏమన్నది వదిన?"

"ఆ రోజు గ్యాస్ సిలిండర్ వచ్చిందంట మేడమ్. ఓటీపీ కోసం చేసిందంట" అని దశరథ్ కాగితం అందుకుని సంతకం పెట్టాడు.