సిద్ధమ్మ బరువు

కువైట్ జాబ్రియాలోని ఆ ఇంట్లో తెల్లవారడం వంటింట్లోనే మొదలయ్యేది. అందరికన్నా ముందు సిద్ధమ్మ లేచి, గోడ పట్టుకుని నిలబడి, మోకాళ్ళను నాలుగు తిట్లు తిట్టి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టేది. తర్వాత పిల్లల డబ్బాలు, ఇంటి యజమాని బాబాకు గుడ్లు, ఆయన భార్య మామాకు ఏలకుల కాఫీ. రాయచోటి అవతల ఒక పల్లె నుంచి కువైట్‌కు వచ్చిన కొత్తలో ఆమె ఎండిన కందికట్టెలా ఉండేది. ఇక్కడ రోజూ పళ్ళేల నిండా మాంసం అన్నం మిగిలిపోయేది. కరువు చూసిన మనిషి అన్నాన్ని చెత్తబుట్టలో ఎలా వేస్తుంది? పారేయడానికి చేతులు రాక తనే తినేది. అలా తిని తిని ఇంట్లో ఏ కుర్చీ పట్టనంత మనిషయింది. కుర్చీలో పట్టదు గనక వంటింట్లో ఫ్రిజ్ పక్కన పరుపు ముక్క వేసుకుని కూచునేది.

ఆ పరుపు మీదే దానా పెరిగింది. దానా ఆ ఇంటి కడగొట్టు పిల్ల. నెలలు నిండకుండా పుట్టి, ఆస్పత్రి గాజుపెట్టెలోంచి ఇంటికి వచ్చాక ఎవరెత్తుకున్నా గుక్కపట్టి ఏడ్చేది. సిద్ధమ్మ ఒడిలో వేస్తే మాత్రం నోరు మూసేది. బడికి పోయే వయసొచ్చినా అదే వరస. మధ్యాహ్నం వస్తూనే బూట్లు ఒక మూల, సంచి ఒక మూల విసిరి ఆ ఒడిలో పడితేనే నిద్ర. అరబ్బీ కన్నా ముందు తెలుగు నేర్చింది, అదీ అచ్చం సీమ తెలుగు. "అవ్వా, ఆకలైతాంది" అని ఆ పిల్ల అంటుంటే మామా అక్కచెల్లెళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. సిద్ధమ్మకు ఊళ్ళో సొంత కూతురుంది. ఆ పిల్ల ఎదగడం ఆమె ఫోనులో చూసింది. దానాను మాత్రం చేతుల్లో పెంచింది. ఈ పిల్ల లేకుండా బతకాల్సి వస్తుందన్న ఆలోచన కూడా ఆమెకు ఎన్నడూ రాలేదు.

వచ్చేలా చేసింది మోకాళ్ళే. ఒకరోజు దానాను చంకనేసుకుని మేడమెట్లు ఎక్కుతూ సగంలో కూలబడింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గానీ మామా మొహంలో నెత్తురు లేదు.

"ఇలాగైతే కుదరదు సిద్ధమ్మా," అంది ఆ సాయంత్రం. "ఊరికన్నా వెళ్ళిపో. లేదంటే పొట్ట ఆపరేషన్ చేయించుకో, ఖర్చు నేను పెట్టుకుంటాను."

ఆ ఇంట్లో పొట్ట కోయించుకోవడం మన పల్లెల్లో చెవులు కుట్టించుకున్నంత మామూలు. మామా చేయించుకుంది, ఆమె అక్క చేయించుకుంది. కడుపులో చాలా భాగం కోసి తీసేసి అరటికాయంత మిగులుస్తారు. ఒంట్లోంచి దిగిన బరువు ఎక్కడికీ పోదు, మనిషి వెంట ఇంటికి వస్తుంది. మామా బరువు సముద్రం ఒడ్డున వాళ్ళ సెలవుల ఇంట్లో, కిటికీ దగ్గర కూచుని కొన్నేళ్ళుగా అలలు చూస్తోంది. సెలవులకు పోయినప్పుడు పిల్లలు దాని భుజాల మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తారు. ఎవరికీ అడ్డం లేదు. ఉన్నవాళ్ళకు బరువు దాచుకునే చోటు కూడా ఉంటుంది మరి.

దానాను వదిలి పోలేక సిద్ధమ్మ కత్తికి ఒప్పుకుంది.

ఆస్పత్రిలో నర్సు జెన్నిఫర్‌ది పాలకొల్లు. ఇంటికి పంపేటప్పుడు మంచం పక్కన కూచుని జాగ్రత్తలన్నీ చెప్పింది.

"ముందు నీళ్ళూ, సూపూ అండీ. తర్వాత మెత్తగా చేసుకుని చెంచాతో తినాలి. ఆబగా తిన్నారంటే వాంతులైపోతాయండి. బరువులెత్తకూడదు. పిల్లల్ని అసలు ఎత్తుకోకూడదండి."

"పిల్లనెత్తుకోకుండా ఎట్టమ్మా? దానికోసరమే గదా కోయించుకున్న్యా."

"కుట్లు ఊడిపోతాయండి మరి. కొన్నాళ్ళు ఓర్చుకోండి." ఫైలు మూస్తూ అడిగింది. "దిగే బరువుకి ఇంట్లో చోటు చూసుకున్నారా?"

"వంటింట్లోనేమ్మా. నాకింగ యాడుండాది చోటు?"

ఇంటికొచ్చాక సిద్ధమ్మ బతుకు చెంచాల్లోకి వచ్చింది. రెండు చెంచాల సూపు తాగితే గొంతు దాకా నిండినట్టుండేది. ఒకప్పుడు ఉప్పు చూడ్డానికే గుప్పెడు తిన్న మనిషి, ఇప్పుడు దేగిశాడు మజ్బూస్, అదే మాంసం అన్నం, వండి, ఉడికే వాసన పీల్చుకుని మొహం తిప్పుకునేది. దువ్వెనకు జుట్టు ఉండలు ఉండలుగా వచ్చేది. ఎండాకాలం కువైట్‌లో ఆమె చలికి స్వెట్టర్ వేసుకుంది. కాలి మెట్టెలు జారిపోతుంటే దారం చుట్టుకుంది. చేతుల కింద చర్మం తడిబట్టలా వేలాడింది.

ఫ్రిజ్ పక్కన పరుపు మీద మాత్రం బరువు రోజురోజుకూ పేరుకుంటూ వచ్చింది. బరువు కింది నుంచి వస్తుంది, ముందు తొడలు, ఒడి, ఆ పైన పొట్ట. మగవాళ్ళు తిరిగే ఇల్లని సిద్ధమ్మ తన పాత నైటీ ఒకటి దానికి తొడిగింది. మొహం ఉండాల్సిన చోట పిసికిన పిండిముద్దలా నున్నగా ఉండేది. ఉల్లిపాయలూ, కొబ్బరినూనే కలిసిన సిద్ధమ్మ వాసనే వచ్చేది. డ్రైవర్ ముజీబ్‌ది కడప, సిద్ధమ్మను సొంత అక్కలా చూసేవాడు. టీకి వచ్చినప్పుడల్లా బరువు కాళ్ళు తొక్కకుండా పక్కనుంచి దాటి వచ్చేవాడు.

ఆ రోజుల్లోనే సిద్ధమ్మ ఒక పొరపాటు చేసింది. ఒక మధ్యాహ్నం దానా నిద్రకు వచ్చి చేతులు చాచింది. ఎత్తుకోబోతే కుట్ల దగ్గర చురుక్కుమంది. పక్కన పడుకోబెడితే ఒప్పుకోదు. పిల్ల ఏడ్చి ఏడ్చి నీలం తిరిగింది.

"ఈ వొక్క పూటకు దీంట్లో పండుకో బంగారూ. ఇదీ నేనే," అని పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించి బరువు ఒడిలో కూచోబెట్టింది.

దానా ఒకసారి అటూ ఇటూ మెసిలి, బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. అమ్మయ్య అనుకుని సిద్ధమ్మ గిన్నెలు కడగడానికి పోయింది.

ఒక పూట రెండు పూటలయింది, రోజూ అయింది. మామా బరువంటే అలలు చూస్తూ కూచుంటుంది. ఇది పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ పని చేసిన ఒంటి బరువు, ఊరికే కూచోవడం దానికి చేతకాలేదు. కొన్నాళ్ళకు దానికి చేతులొచ్చాయి. వచ్చిన చేతులు ముందు పిల్లను జోకొట్టడం నేర్చాయి, తర్వాత కొత్తిమీర గిల్లడం, వెల్లుల్లి ఒలవడం. సిద్ధమ్మ కళ్ళు తిరిగి లేవలేకపోయిన ఒక పొద్దున టీ కూడా అదే పెట్టింది. మామా కప్పు అందుకుని, "షుక్రన్" అని థాంక్స్ దాన్ని చూసే చెప్పింది.

కుట్లు మానాయి. మోకాళ్ళ నొప్పి పోయింది. సిద్ధమ్మ ఇప్పుడు మేడమెట్లు పరుగున ఎక్కుతుంది. ఏ సుఖం కోసం కోయించుకుందో ఆ సుఖం వచ్చిందని సంబరంగా పరుపు మీద కూచుని, దానాను ఒళ్ళోకి లాక్కుంది.

పిల్ల కాసేపు కదిలింది. "ఎముకలు గుచ్చుకుంటాండాయి అవ్వా," అంది. దిగి, పక్కనే ఉన్న బరువు ఒళ్ళోకి పాకింది.

ఆ సాయంత్రం సిద్ధమ్మ వంటింటి తలుపు గడియ పెట్టి, దేగిశాలోంచి మాంసం అన్నం గుప్పెళ్ళతో తిన్నది. మళ్ళీ లావెక్కాలి, మళ్ళీ ఒడి రావాలి. నాలుగో ముద్దకే గుండెల్లో మేకు దిగినట్టు నొప్పి. తిన్నదంతా సింకులోకి వచ్చేసింది. కన్నీళ్ళు, చీమిడి కారుతుండగా బరువు వైపు తిరిగింది.

"నా పిల్లనెందుకే తీసుకుంటివి? లేసి పోరాదూ!" అని అరిచింది. దానికి చెవులు రాలేదు. అది వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేని వేళ సిద్ధమ్మ ఏమనుకుందో, వెళ్ళి తనే ఆ ఒడిలో తలపెట్టింది. చిన్నప్పుడే తల్లి పోయిన మనిషి. ఒకరి ఒడిలో పడుకోవడమంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. వెచ్చగా ఉంది. వీపు మీద చెయ్యి పడి, నెమ్మదిగా జోకొట్టింది. బిడ్డలను ఇంత బాగా చూసుకునేదాన్నా అనుకుంటూ నిద్రపోయింది. లేచాక దానా మీద కోపం లేదు. ఉన్న కోపమంతా తన మీద, తనలోంచి దిగిపోయిన దాని మీద. తన మీద తనకే ఈర్ష్య పుడితే ఆ కష్టం ఎవరితో చెప్పుకుంటుంది?

చలికాలం మొదట్లో మామా పిలిచి ఎదురుగా కూచోబెట్టింది.

"సిద్ధమ్మా, ఇక్కడ ఉండటానికి నీ ఇఖామా గడువు అయిపోవస్తోంది. ఇక పొడిగించను. చూడు ఎంత నీరసించిపోయావో. ఊరికి వెళ్ళి నీ కూతురి దగ్గర ఉండు."

"మోకాళ్ళు బాగయినాయి మామా. ఏ పనైనా చేస్తాను. దానా నన్ను వదిలి ఉండదు."

"దానాకేం లోటు?" మామా వంటింటి వైపు చూసింది. "అది తినదు, జబ్బు పడదు, సెలవడగదు. నువ్వు దిగులు పెట్టుకోకు."

మామా చెడ్డ మనిషి కాదు. పోయేదానికి బెంగ లేకుండా చేద్దామనే ఆ మాట అంది. సిద్ధమ్మ తలూపి, వచ్చి పాత్రలు తోమింది.

సంగతి తెలిసి ముజీబ్ తల పట్టుకున్నాడు. "కొండనాలిక్కు మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటే ఇదే గదక్కా! ఒక పని చేద్దాం. ఆ బరువును గూడా తోలుకపో. నేనూ, తోటమాలీ కలిసి ఎత్తి కార్లో ఏస్తాం. ఏడస్తాది పిల్ల. రెండు దినాలు ఏడిస్తే మామానే నిన్ను వెనక్కి పిలిపిచ్చుకుంటాది."

పిల్ల ఏడిస్తే మామా పిలుస్తుందన్నది నిజమే. తనను వెనక్కి తెచ్చే దారి అదొక్కటే, అదీ సిద్ధమ్మకు తెలుసు.

"ఏడ్చి నీలం తిరుగుతాదబ్బీ అది," అంది. "నువ్వు చూడల్యా. నేను చూసినా. వద్దులే, ఆ బరువును ఆడనే ఉండనీ."

బయలుదేరే రోజు మధ్యాహ్నం దానా బడినుంచి వచ్చి, బూట్లు విసిరి, బరువు ఒడిలో పడుకుంది. సిద్ధమ్మ పెట్టె ముజీబ్ కార్లో పెట్టేశాడు. ఆమె చీర కట్టుకుని, జారకుండా పిన్నులు పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పరుపు పక్కన మోకాళ్ళ మీద కూచుంది, ఇప్పుడు కూచోగలదు గనక. వంగి పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టింది.

దానా కళ్ళు తెరవలేదు. మొహం అటు తిప్పుకుని బరువు నైటీని పిడికిట్లో పట్టుకుంది.

"అవ్వా, ఎవరో వచ్చినారు సూడు," అని గొణిగింది దాంతో.

బరువుకు నోరు లేదు. పిల్ల జవాబు కోసం ఎదురుచూస్తూ కనురెప్పలు కదిలిస్తోంది, నిద్ర చెదిరిపోయేలా ఉంది.

"ఎవరూ ల్యారు తల్లీ. పండుకో," అంది సిద్ధమ్మ.

ఆ గొంతు వినగానే దానా నిశ్చింతగా నిట్టూర్చి, బరువు గుండెల్లోకి మొహం దూర్చుకుంది.