సూరమ్మ ఇంటి పేజీ

సూరమ్మకి అక్షరం ముక్క రాదన్న సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనట్టు నటించేది సూరమ్మ ఒక్కతే. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి, అందరితో పాటు పేజీ తిప్పి, గొంతెత్తి పాడేది. ఏ పాటైనా సరే, రెండుసార్లు వింటే చాలు, చరణాలతో సహా ఒప్పజెప్పేసేది. అరవయ్యేళ్ళు ఆ జ్ఞాపకశక్తితోనే నెట్టుకొచ్చింది మహాతల్లి.

పోయినేడు సమాధుల పండగనాడు ఆ నటన కాస్తా అందరి ముందూ బెడిసికొట్టింది.

నవంబరులో వస్తుంది ఆ పండగ. కొల్లేటి గట్టు మీది ఆ ఊళ్ళో ముందురోజే సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరుస్తారు. సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాక సంఘం పుస్తకం తెస్తారు. ఇంటికొక పేజీ. ఏ ఇంటి పెద్ద ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చదవాలి, అందరూ ఆమేన్ అనాలి. చదువు రానివాళ్ళకి సంఘ పెద్ద దేవసహాయం గారు చదివిపెడతారు. ఆయనకెప్పుడూ తొందరే. "ఏలీయా, మత్తయి, మొదలైనవాళ్ళు" అని సూరమ్మ పేజీ ముగించేసేవారు. ఏలీయా ఆమె మామగారు, మత్తయి మొగుడు. ఆ మొదలైనవాళ్ళలో అత్తగారు సలోమి ఉంది. కుసుమ ఉంది. కుసుమ సూరమ్మ తొలిచూలు బిడ్డ, ఐదు రోజులు బతికింది.

కూతురు పేరు ఒక్కసారైనా పైకి వినపడాలని పోయినేడు సూరమ్మ ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుంది. ఒక పేజీ తెరిచి, వేలు పెట్టి, నాలుగు పేర్లూ గడగడా చెప్పేసింది.

"సూరమ్మ గారూ, అది శామ్యూల్ గారింటి పేజీ అండీ," అన్నారు దేవసహాయం గారు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనమే కాల్చింది. జనం గొల్లున నవ్వారు.

మర్నాడు తెల్లారేసరికి జ్యోత్స్న టీచరు గుమ్మంలో ఉంది సూరమ్మ. గణపవరం బళ్ళో పనిచేసే ఆ అమ్మాయి ఈ ఊళ్ళోనే అద్దెకుంటోంది.

"నాకు చదువు చెప్పండి టీచరమ్మా. చచ్చేలోగా కాదు, వచ్చే పండగలోగా రావాలి."

టీచరు ముందు ఏలూరు తీసుకెళ్ళి చత్వారపు కళ్ళజోడు పెట్టించింది. తరవాత అక్షరాలు, గుణింతాలు, వాచకం. మూడు నెలలకే సూరమ్మ పాఠాలకి పాఠాలే చదివేస్తుంటే టీచరుకి అనుమానమొచ్చి, పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. సూరమ్మ ఆగితేనా! చివరిదాకా చదివేసి కళ్ళజోడు సర్దుకుంది.

"వచ్చేసిందిగా?"

"నోటికొచ్చిందండి. కంటికి రాలేదు," అని వాచకం పక్కన పడేసింది టీచరు. "ఇకనుంచి తెలిసింది చెప్పకూడదు. కనపడిందే చదవాలి."

అక్కణ్ణుంచి సూరమ్మకి నరకం. చేపల మేత బస్తా మీది రాత, ఐసు పెట్టె మీద ఊరి పేరు, మందు డబ్బా, రోజుకో కొత్త ముక్క. ఒకరోజు గణపవరం సెంటర్లో బస్సొచ్చింది. బోర్డు మీద మొదటి అక్షరం కనపడిందో లేదో, "ఉంగుటూరు!" అంది సూరమ్మ.

"ఇంకోసారి చూడండి."

బస్సు వెళ్ళిపోయింది. ఎండలో గంటసేపు నిలబడితే మళ్ళీ అదే బోర్డుతో ఇంకోటి వచ్చింది. మళ్ళీ ఉంగుటూరే అంది సూరమ్మ. మళ్ళీ "ఇంకోసారి చూడండి" అంది టీచరు. సూరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నా బుర్రలో ఒండ్రుమట్టి తప్ప ఏమీ లేదు. నన్నొదిలెయ్యండి!" అని సంచీ విసిరేసి ఇంటికి నడిచిపోయింది.

పదిహేను రోజులు పుస్తకం ముట్టలేదు. ఆ పదిహేను రోజులూ టీచరు సాయంత్రం కాగానే చేపల చెరువు దగ్గరికొచ్చి, సూరమ్మ చేపలు ఏరుతుంటే గట్టు మీద కూర్చునేది. మాట్లాడేది కాదు. చీకటి పడబోతే లేచి వెళ్ళిపోయేది.

"ఏం మనిషండీ మీరు? కోపం రాదా?" అని సూరమ్మే ఉండబట్టలేక అడిగింది.

"వస్తుందండి. మీరు ఆ బోర్డు చదివాక కోప్పడదామని ఆగాను."

సూరమ్మకి నవ్వాగలేదు. వారం తిరక్కుండా సెంటర్లో నిలబడి, కూడబలుక్కుని, "ఉం... డి. ఉండి!" అని ఊరి పేరు అరిచింది. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు.

మళ్ళీ పండగొచ్చింది. సూరమ్మ వంతు రాగానే దేవసహాయం గారు పుస్తకం విప్పబోయారు.

"నేను చదివేస్తాన్లెండి. చీకటి పడిపోతోంది."

"పడనివ్వండి. కొవ్వొత్తులు వెలిగించింది దేనికండి?"

పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, "ఇది శామ్యూల్ గారిది. పోయినేడు మావాళ్ళని తెచ్చి వీళ్ళింట్లో దించేశాను," అంది. నవ్వినవాళ్ళు నవ్వారు, ఆమె లెక్కచెయ్యలేదు. తన పేజీ తానే పట్టుకుంది. వేలు పెట్టింది.

"ఏ... లీ... యా. స... లో... మి. మ... త్త... యి."

మొగుడి పేరు కంటితో చూడటం అదే మొదలు, ఆ అక్షరాల మీద వేలు ఇంకోసారి నడిపింది. నాలుగో పేరు నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ వేలి కింద తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసింది. లేదు.

"దేవసహాయం గారూ, నా కూతురేదండి?"

"ఆ మొదలైనవాళ్ళలో..."

"మొదలైనవాళ్ళు కూడా ఇక్కడ లేరండి. నేను చదివాను."

ఆయన గొంతు తగ్గింది. "బాప్తిస్మం కాని పసిగుడ్డు కదండీ. మా నాన్నగారు సంఘ పెద్దగా ఉన్న రోజుల్లో అలాంటివాళ్ళని రాసేవారు కాదు."

"నలభై రెండేళ్ళు ఇక్కడే తలవంచుకుని ఆమేన్ అన్నానండి. ఎవరికన్నాను మరి?"

సూరమ్మకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. చెయ్యి చాపింది.

"పెన్నివ్వండి."

"అలా ఎవరు పడితే వాళ్ళు రాయకూడదండీ. కమిటీలో పెట్టి..."

"కమిటీ కన్నదా దాన్ని?"

వెనక నుంచి జ్యోత్స్న టీచరు జనాన్ని తప్పించుకుంటూ వచ్చి తన పెన్ను ఇచ్చింది. సూరమ్మ పుస్తకాన్ని మత్తయి సమాధి మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. క రాసి కొమ్మిచ్చింది. స రాసి, కొమ్ము మరిచిపోయి, మళ్ళీ పెట్టింది. మ రాసింది. చాలాసేపు పట్టింది. దేవసహాయం గారు అడ్డు రాలేదు.

అప్పుడు లేచి నిలబడి, రాసినదాని కింద వేలు పెట్టి, కనపడుతున్నదాన్నే చదివింది.

"కు... సు... మ."

జనమంతా ఆమేన్ అన్నారు. దేవసహాయం గారు కాస్త ఆలస్యంగా అన్నారు.