ఏడవ బ్లాకు బొట్లు

వర్షర్తువు తన కడపటి మేఘశకలములను సైతము నల్లమల శిఖరముల యావలకు తరలించుకొనిపోగా ఉదికి యారవేసిన నీలిచీరవలె నిర్మలమైన యాకాశము క్రింద కర్నూలు సీమలోని చింతలబండ గ్రామమునకు తూర్పుగా నున్న మెట్టభూమియందు శరత్ప్రభాతము మెల్లగా కనువిప్పుచుండెను. ఒకప్పుడు కొఱ్ఱయు వేరుసెనగయు పండి వానకై నోరు తెఱచుకొని యుండిన యా యెఱ్ఱనేలమీద నిప్పుడు కనుచూపు మేర వరుసలు వరుసలుగా దక్షిణాభిముఖములై వాలి నిలిచి యెండను విద్యుత్తుగా మార్చు నీలికాచఫలకములు మంచుబిందువుల నొడలెల్ల దాల్చి సూర్యోదయమును నిరీక్షించుచుండెను. వాని నడుమ తలలకు తువాళ్లు చుట్టి కుచ్చెళ్లు బిగించి పొడుగుకోలల చివర కట్టిన మెత్తని కుంచెలతో ముప్పదిమంది స్త్రీలు ఫలకములను కడుగుచుండిరి. ఎండకు కాగిన యద్దముమీద చన్నీరు పడినచో బీట వాఱునని వారికి మొదటిదినముననే నేర్పబడియుండుటచేత వారి కడుగుటయంతయు ప్రొద్దు బారెడెక్కులోపలనే ముగియవలసియుండెను.

చేలు పోయి యద్దములు వచ్చిన తొలి సంవత్సరమున నింటికొక యుద్యోగము వచ్చునని కొందఱును కావలివాని కఱ్ఱ తప్ప మఱేమియు రాదని కొందఱును ఊర వాదులాడిరి. ఇరుపక్షములవారి మాటయు కొంత కొంత నిజమయ్యెను. గుంతలు త్రవ్వి యినుపకంబములు నాటునంత కాలము వందలమందికి పని దొరకి యది ముగిసిన వెంటనే వారిలో ముప్పాతికమంది మరల మూటలు గట్టుకొని పోయిరి. కాని యటుపిమ్మట మునుపు పేరైనను వినబడని పనులు తొలకరి గఱికవలె నొక్కటొక్కటిగా తలయెత్తసాగెను. ఫలకములు కడుగువారును వాని నీడన పెరుగు గడ్డి కోయువారును తీగల తెగులు చూచువారును పుట్టిరి. ప్రక్క మండలమున గాలిమరలు లేచెను. ఇంటర్మీడియటు తప్పి యింట కూర్చున్న పిల్లలు పట్టణమునకు పోయి యాఱునెలలు శిక్షణ పొంది నడుమునకు పనిముట్ల సంచి కట్టుకొని తిరిగివచ్చిరి. చేలపై మందు చల్లు డ్రోనును నడుపుటకు నేర్చిన యొక పిల్ల తల్లి "మా పాప డ్రోను తోలుతాది" యని యెద్దులబండి తోలుననినంత సులువుగా చెప్పుకొనుచుండెను.

ఏడవ బ్లాకున కడుగు స్త్రీలకు పెద్దగా నుండినది సుంకులమ్మ. నలుబదియేండ్ల యా యిల్లాలు చేసిన పనిని మరల నొకమాఱు తాకి చూచుకొనని దినము లేదు. అయినను కడుగుపని నెలకు పది పండ్రెండు దినములకంటె నుండదు కావున కార్తీకము వెళ్లునప్పటికి భర్త ఉరుకుందునితోను కూతురు మహేశ్వరితోను టెంపో యెక్కి ప్రత్తి యేరుటకును మిరపకాయ కోయుటకును గుంటూరు వైపునకు పోవుట యామెకు తప్పకుండెను. సుగ్గి యని యా సీమవారు చెప్పుకొను నా వలసలో ప్రతిసంవత్సరము మహేశ్వరికి అర్ధసంవత్సర పరీక్షలు పోవుచుండెను. ఎనిమిదవ తరగతి చేరిన యా బాలికను గూర్చి ప్రధానోపాధ్యాయుడు "ఈ ఏడు గూడా అట్లనే సుగ్గికి పిల్చుకోని పోతే పదో తరగతి మాట మర్చిపోమ్మా" యని తల్లితో మొగము మీదనే చెప్పెను.

ఇట్టి సమయమున నొక వార్త వచ్చెను. కడుగువారిలోనుండి నలుగురిని ఏఱి మీటరు పట్టి వరుసవరుసకు విద్యుత్తు కొలుచు పనిలో నెలజీతముమీద పెట్టుకొందురట. గోదావరి ప్రాంతమునుండి వచ్చిన పడుచు ఇంజనీరు హరనాథు రెండునెలలుగా సుంకులమ్మకు మీటరును తీగకు తగిలించుటయు దానిలోని యంకెను చదువుటయు నేర్పుచుండెను. దసరా వెళ్లిన వారమునకు పేర్ల పట్టిక యంత్రపుగది తలుపున కంటింపబడునని తెలిసెను. ఆ పట్టికలో తన పేరుండెనా సుగ్గి లేదు. లేకుండెనా టెంపో తప్పదు. సుంకులమ్మకు తక్కిన లోకమంతయు నీ రెండుమాటలలో నిమిడియుండెను.

ఆయుధపూజనాడు మిగిలిన బ్లాకులవారు యంత్రపుగది తలుపునకు గంధము పూసి గుమ్మడికాయ కొట్టి చేతులు దులుపుకొనగా సుంకులమ్మకు మాత్ర మది చాలదనిపించెను. అన్నము పెట్టునది తలుపు కాదు గదా, అద్దము. ఆమె యింట సానరాతిమీద గంధము తీసి పసుపు కలిపి కాఱిపోకుండుటకై తుమ్మబంక నానవేసి చేర్చి గిన్నెనిండ తెచ్చెను. ఏడవ బ్లాకులోని యిరువదిరెండు వరుసలలో ఫలకమొక్కటికి నొక్కటి చొప్పున నఱచేతి వెడల్పున గంధపుపూత పూసి నడుమ కుంకుమ నద్దిరి. పీర్లపండుగకు ఊదు వేయు చేతితోనే దూదేకుల దస్తగిరమ్మయు కుంకుమగిన్నె పట్టుకొని వెంట నడచెను. తుదకు గంధము చాలక చివరి రెండు వరుసలు మిగిలిపోయెను. హరనాథు వచ్చి చూచి "పెళ్లిపీటల మీద పెళ్లికూతుళ్లలా ఉన్నాయమ్మా" యని మెచ్చుకొని శనగలు తిని పోయెను.

మఱునాటినుండి ఏడవ బ్లాకున విద్యుత్తు తగ్గెను. మబ్బు లేదు, ధూళి లేదు. యంత్రపుగదిలోని తెరమీద గీత మాత్రము తల వంచుకొనియుండెను. హరనాథు మూడుదినములు తీగలు విప్పి కట్టి పెట్టెలు తెఱచి మూసి యేమియు కానక నిద్రాహారములు మఱచెను. స్త్రీలు నిత్యమువలెనే తెల్లవాఱుజామున కడుగుచునే యుండిరి కాని బొట్టును చెఱుపరాదను భక్తిచే దాని చుట్టును మాత్రమే కుంచె త్రిప్పుచుండిరి. నాలుగవనాడు సూపర్వైజరు ఓబులేసు నడుముపై చేతులుంచుకొని వచ్చెను.

"మిట్టమధ్యాన్నం నీళ్లు కొట్టింటారు. అద్దాలు లోపల్లోపలే చిట్లింటాయి. ఇంగేముంది? పండగంట, ఇండ్లకు పొయ్యే తొందరంట!"

దస్తగిరమ్మ కుంచె దించి "మేం మధ్యాన్నం నీళ్లు కొడ్తాంటే నువ్వేడ నిద్రపోతాంటివి ఓబులేసన్నా? చూస్కునేదానికే గదా నీకు జీతం?" అనెను.

స్త్రీలు కొంగులడ్డము పెట్టుకొని నవ్విరి. ఓబులేసు మొగము నల్లబడెను.

"నవ్వండి, నవ్వండి. మీటరు పనికి పేర్లు నా చేతి మింద నుంచే పొయ్యేది. ఈ బ్లాకులో ఒగ పేరు గూడా పోనియ్యను. సోమవారం పట్నం నుంచి పెద్దసార్లు వస్తాండారు. తప్పు మీదని తేలితే ఇంగ మిషన్లతోనే కడిగిస్తారు, సూడండి."

సుంకులమ్మ నవ్వలేదు. ఆనాటి యెండలో హరనాథు వరుస చివరనున్న పెట్టె తెఱచి తీగకు మీటరు తగిలింపగా ఆమె యంకె చదువుచు వెంట నడచెను. మొదటి వరుస ఆఱు. రెండవది ఆఱు. పదియవది ఆఱు. తొమ్మిదుండవలసిన చోట నెల్ల నాఱే యుండెను. ఇరువదియొకటవ వరుస కడ నామె కన్నులు నులుముకొని మరల చదివెను.

"తొమ్మిది, సార్."

ఇరువదిరెండవదియు తొమ్మిదియే.

"చూశారా! అదే కంపెనీ, అదే తీగ, అదే ఎండ. ఈ రెండు వరుసలూ మాత్రం ఏం పుణ్యం చేసుకున్నాయంటారు?" అని హరనాథు నుదురు కొట్టుకొని నీటికుండ కడకు పోయెను.

సుంకులమ్మ యా రెండు వరుసలను తేఱి చూచెను. గంధము చాలని వరుసలవి. ఆమె యటునిటు చూచి తగిలించియే యున్న మీటరుపై నొక కన్నుంచి ప్రక్కనున్న బొట్టులేని ఫలకము మీద తన యఱచేయి నానించెను. తొమ్మిది కాస్త యాఱయ్యెను. చేయి తీసెను, తొమ్మిది. మరల పెట్టెను, ఆఱు. అఱచేయంత నీడ యొక్క ఫలకమున పడినను వరుసయంతయు కుంటుపడునని హరనాథు నేర్పిన పాఠ మామెకు జ్ఞప్తికి వచ్చెను. అతడు చెట్టుకొమ్మల నీడను గూర్చి చెప్పెను. బొట్టు నీడను గూర్చి యెవ్వరును చెప్పలేదు.

ఇంటికి పోవు దారిలో నామె యీ సంగతి దస్తగిరమ్మ చెవిని వేసెను.

"చెప్పొద్దుమే, నీకు పుణ్యముంటాది. రెండు వానలు పడితే అదే పోతాది."

"తుమ్మబంక కలిపితిని గదక్కా. వచ్చే దసరా దాంకా పోదు."

"నీ పనితనం మండిపోను!" అని దస్తగిరమ్మ నెత్తి కొట్టుకొనెను.

సుంకులమ్మ మనస్సున రెండు తలంపులు తిరుగలి రాళ్లవలె నొకదాని నొకటి రాచుకొనుచుండెను. చెప్పినచో గంధము నూఱిన చేయి తనదే. ఓబులేసునకు వేఱొక సాక్ష్యము పనిలేదు. చెప్పనిచో చేయని తప్పు ముప్పదిమంది తలలమీద పడును. తన పేరును వారితోపాటే మునుగును. అయినను ఊరకుండుటయందు ఇంకను నొక యాశ యున్నట్లును నోరు తెఱచిన నదియు పోవునట్లును ఆమెకు తోచుచుండెను. ఇల్లు చేరునప్పటికి మహేశ్వరి గుమ్మమున పుస్తకములు పఱచుకొని కూర్చుండియుండెను.

"మా, ఈ ఏడు గూడా సుగ్గికి పోతామా? పుస్తకాలకు అట్టలెయ్యాల్నా వద్దా? మళ్లా అట్టలన్నీ దండగైతాయి."

ఆ ప్రశ్నలో నిష్ఠురము లేదు, కంటనీరు లేదు. అది కూర వండనా వద్దాయనినట్లుండెను. పదుమూడేండ్ల పిల్ల తన చదువును గూర్చి యంత చల్లగా నడుగ నేర్చుటయే తల్లి గుండెలో ముల్లై దిగెను. ఈ పిల్లకు తాను చెప్పవలసిన యుత్తరము ఓబులేసు దయమీద నుండరాదని యామెకు గట్టిగా తోచెను.

"ఎయ్యి" అనెను సుంకులమ్మ.

మఱునాడు శుక్రవారము ప్రొద్దెక్కిన పిదప నామె తిన్నగా హరనాథు ముందుకు పోయి నిలిచెను. ఓబులేసును స్త్రీలును చుట్టునుండిరి.

"సార్, తప్పు అద్దాల్ది గాదు. తీగల్ది గాదు. బొట్లది. ఆ గంధం నూరింది నేనే. బంక కలిపింది గూడా నేనే."

హరనాథు మొదట నర్థము కానివానివలె చూచెను. పిదప ఫలకమువంక చూచెను. అటుపిమ్మట వరుసవంకను వరుసలన్నిటివంకను చూచి నేలమీదనే చతికిలబడెను.

"నాలుగు రోజులు! నాలుగు రోజుల్నుంచీ ఈ బొట్ల మధ్యనే తిరుగుతున్నానండీ నేను! మా ఇంట్లో బండికుంటుంది, గ్రైండరుకుంటుంది, బీరువాకుంటుంది. బొట్టంటే ఇంక కనపడితే కదా!"

అతడు నవ్వసాగెను. నిత్యము కన్నులయెదుట నుండునది కన్నులకు కానరాకపోవుట పండితపామరుల కిరువురకును సమానమే గదా. సుంకులమ్మ మాత్రము నవ్వవలెనో యేడ్వవలెనో తెలియక చేతులు కట్టుకొని నిలువబడియుండెను.

"చేసిందంతా చేసి ఇప్పుడు చెప్తాండావా?" అని ఓబులేసు గర్జించెను. "తుడిచెయ్యండి అన్నీ, ఈ పొద్దే!"

ఒక్కరును కదలలేదు. కుంచెలు నేలకు దిగెను. ముత్తైదువలు శుక్రవారమునాడు బొట్టు తుడుచుటయా? వారిలో పెద్దదియగు మద్దమ్మ ముందుకు వచ్చెను.

"బొట్టు తుడిచేది ఎప్పుడో నీకు తెల్దా ఓబులేసూ? మీ ఇంట్లో ఆయమ్మను పిల్చుకోని రాపో, తుడుస్తాదేమో చూస్తాం."

హరనాథు లేచి దుమ్ము దులుపుకొని యొక ఫలకముపైకి చేయి చాచి యేమనుకొనెనో మరల వెనుకకు తీసికొనెను. తనకు తెలిసిన విద్యయంతయు నక్కడ నాగెను. సుంకులమ్మకును చేయి రాలేదు. తాను పెట్టిన బొట్టును తాను తుడుచుట యెట్లు? ఆమె ఫలకము చుట్టునున్న తెల్లని లోహపుటంచును వ్రేలితో తడవుచు నాలోచించెను. తడవినకొలది యామె మొగము విచ్చుకొనెను.

"సార్, ఈ అంచుకు ఎండతో పనుండాదా?"

"లేదమ్మా. అది ఊరికే పట్టుకోవడానికే."

"అట్లయితే ముందు అంచుకు కొత్త బొట్టు పెడదాం. పెట్టినంక నడిమిది తడిగుడ్డేసి నానబెట్టి తీస్తాం. బొట్టు జరిపినట్లే గానీ తుడిచినట్లు గాదు. గడియసేపు గూడా బోసిగుండవు."

మద్దమ్మ తలయూపెను. "అద్దీ మాట. జరిపేదానికేం, మనమూ చెమటకు చెదిరితే జరుపుకుంటాం గదా."

ఎండ వాలి యద్దములు చల్లబడిన తరువాత ముప్పదిమందియు వరుసలలో ప్రవేశించిరి. ముందొకతె యంచునకు కుంకుమ నద్దుచు నడువగా వెనుక వేఱొకతె తడిగుడ్డ పఱచి బంక నానిన పిదప మెల్లగా నొత్తి తీయుచు వచ్చెను. దస్తగిరమ్మ బంకను తిట్టుచునే గోరు తగులకుండ తీసెను. దీపాలవేళకు బ్లాకంతయు ముగిసెను. మఱునాడు ప్రొద్దెక్కినంతనే సుంకులమ్మ మీటరు పట్టెను.

తొమ్మిది. రెండవ వరుసయు తొమ్మిది. పదియవదియు తొమ్మిది. ఆమె ప్రతి యంకెను పెద్దగా చదువుచుండ స్త్రీలు వెంటవెంట నడచుచు "తొమ్మిది" యని యరచుచు జాతరలో నడచినట్లు ఇరువదిరెండవ వరుస దాక వచ్చిరి. మూడుదినములుగా గొంతునకు దిగని సంగటిని సుంకులమ్మ యానాడు తన గిన్నెలోనిది ముగించి దస్తగిరమ్మ గిన్నెలోనికిని చేయి చాచెను.

సోమవారము పట్నమునుండి వచ్చిన పెద్దసార్లకు హరనాథు జరిగినదంతయు తానే చెప్పెను. పట్టిక తలుపున కంటింపబడినప్పుడు మొదటి పేరు సుంకులమ్మదే. ఓబులేసు గొణుగుచు "తప్పు చేసినోళ్లకా సార్ పని?" అని యడిగెను.

"తప్పు ఎక్కడుందో పట్టుకున్నది ఆవిడొక్కరే ఓబులేసుగారూ. మీరు పట్టలేదు, నేనూ పట్టలేదు. మీటరు పనంటే అదే కదండీ మరి!" అని హరనాథు బదులిచ్చెను.

కార్తీకము వెళ్లెను. టెంపో యూరిలోనికి వచ్చి మూటలను మనుష్యులను నెక్కించుకొని దుమ్ములేపుచు పోయెను. ఈతూరి దానిలో సుంకులమ్మ లేదు, ఉరుకుందు లేడు. వారు లేని చోట వేఱొక యింటివారు కూర్చుండిరని యామె యెఱుగును. ఆ యెఱుక యామె సంతోషమునకు కొంత యడకువ నేర్పెను. అర్ధసంవత్సర పరీక్షలు జరిగెను. లెక్కల పరీక్షనాడు మహేశ్వరి సిరాచేతులతో నింటికి వచ్చి సంచి మూలకు విసరి గోడకు చేరగిలబడెను.

"సుగ్గే మేలు మా. నాలుగు లెక్కలు రాలేదు నాకు. ఈ పరీచ్చ తప్పుతాను, చూడు."

సుంకులమ్మ చేతిలోని పిండి దులుపుకొని కూతురివంక చూచెను. ఎన్నియో సంవత్సరములుగా నామె యెదలో బిగిసియున్న దేదియో యప్పుడు సడలెను. ఆమెకు నవ్వు వచ్చెను. కన్నుల నీరు నిండునంతవఱకు నవ్వి తుదకు కొంగుతో మొగమొత్తుకొని యిట్లనెను.

"తప్పితే తప్పనీ లేవే. ఇన్నేండ్లు రాయకుండా తప్పితివి. ఈ ఏడు రాసి తప్పుతాండావు. మళ్లా వచ్చే పరీచ్చ ఉండాది గదా, మనమూ ఈడనే ఉంటాం."