నల్ల తెర మీద ఆఖరి భాగం

నేను ఒక టాబ్లెట్‌ను. చేతులు మారిన సరుకును కాబట్టి మనుషులను వాళ్ల వాడకాన్ని బట్టే అంచనా కడతాను. మొదట విజయవాడలో ఒక హోటల్లో ఆర్డర్లు రాసుకున్నాను. ఇడ్లీ, వడ, పెసరట్టు తప్ప వేరే సాహిత్యం ఎరగను. నడక మందగించగానే యజమాని నన్ను పాత సామాను కొట్టుకు తోలేశాడు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

అక్కడ నన్ను కొన్నది హైమవతి. చీరలకు ఫాల్స్ కుట్టే కొట్టు ఆమెది. బేరాల మధ్య ఒక వారపత్రికకు సీరియల్ రాస్తుంది. కొత్త యాప్‌లేవీ మోయలేని నాలో ఆమె తమ్ముడు శేషు కమాండ్లతో నడిచే, రాసుకునే ఎడిటర్ ఒకటి పెట్టాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. బొత్తాలు లేవు; ఏ పనైనా కమాండ్ టైపు చేస్తేనే.

"దీని వయసుకి ఇదే నడుస్తదక్కా. రాత తెలుగులో, కమాండు ఇంగ్లీషులో. సేవ్ చేసేముందు కీబోర్డు మార్చడం మర్చిపోబాక."

ఆఖరి భాగం రాసే రోజు పత్రిక నుంచి ఫోను వచ్చింది. "సాయంత్రానికి రాకపోతే ఆ పేజీలో వంటలు వేసుకుంటామమ్మా. మళ్లీ సీరియల్ అడగం."

ఆమె వేళ్లు పరిగెత్తాయి. ముగింపు పడింది. అంతలో ఒకావిడ చీర తెచ్చి, ఫాల్ రంగు కలవలేదని గొడవకు దిగింది. హైమవతి ఆవిడకు జవాబు చెబుతూనే సేవ్ కమాండ్ కొట్టింది. కీబోర్డు తెలుగులోనే ఉంది. కమాండ్ నాకు అందలేదు. ఆమె చూడకుండా కవరు మూసింది. నా బ్యాటరీ హోటల్లోనే నీరసించింది; గొడవ తేలేలోపు నేను ఆరిపోయాను.

ఛార్జింగు పెట్టి తెరిచేసరికి తెర నిండా ఇంగ్లీషు. సేవ్ చేయని కాపీ ఒకటి మిగిలింది, తిరిగి తేవాలా, తుడిచెయ్యాలా అని ఎడిటర్ అడుగుతోంది. శేషు పైపైన చూశాడు.

"ఏదో పాత చెత్తలే అక్కా, డిలీట్ కొట్టు."

"నువ్వాగరా. చెత్తయితే నన్నెందుకు అడుగుద్ది?"

నోరు లేనందుకు నేను అంతగా కొట్టుకులాడింది అప్పుడే. ఆమె ఒక్కో మాటా వేలితో కూడబలుక్కుని, తిరిగి తెమ్మంది. భాగం వచ్చింది. చివరి వాక్యాలు మాత్రం రాలేదు. ఎడిటర్ వాటిని దాచుకునేలోపే నా ప్రాణం పోయింది. కథలో నాయిక కాంతం, భర్త ఇంటి తలుపు దాకా వచ్చి నిలబడింది. తలుపు తట్టిందా, వెనక్కి తిరిగిందా అన్నది లేదు.

"ఇప్పుడెట్లా?" అన్నాడు శేషు.

హైమవతి రెండుసార్లు చదివింది. "ఇట్లాగే పంపిద్దాం. నిలబడనీ."

కాంతం ఏం చేసిందని కొట్టుకొచ్చే ఆడవాళ్లంతా ఇప్పుడు అడుగుతున్నారు. గిరాకీ పెరిగింది. హైమవతి నవ్వి ఊరుకుంటుంది. కొట్టు కట్టేశాక మాత్రం నన్ను తెరిచి ఆ వాక్యాలు మళ్లీ రాస్తుంది, సరిపోలేదని చెరిపేస్తుంది. అవి నా చేతిలో పడ్డ సరుకే. ఎంత వెతికినా నా దగ్గర లేవు.