రేడియో వరకే తాళం

అయినా వాడు అడగకుండా ఉండాల్సింది, అడిగాడు సరే, అంత నవ్వుతూ అడగకుండా ఉండాల్సింది, నీ చేతిలో పనేగా అక్కా, ఆ తాళంలో నాకొక్కడికే చిన్న సందు వదిలెయ్, ఎవరికి తెలుస్తుంది, అని చిన్నప్పుడు అక్క సైకిలు అడిగిన గొంతుతోనే అడిగాడు తమ్ముడు, రౌటర్ల కంపెనీలో పరీక్షగది ఇనుప తలుపు బయట ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది ఆమె, లోపల బల్ల మీద కొత్త రౌటరు, సిగ్నలు పంపే దాని రేడియో బలాన్ని ఎవరూ హద్దు దాటించకుండా దాని సాఫ్టువేరుకు తాళం వేయాలి, సాయంత్రంలోగా, సాఫ్టువేరు మొత్తానికీ వేసి పారేయమ్మా, రేడియోకి విడిగా అంటూ కూర్చుంటే తెమలదు, అని పొద్దున మేనేజరు.

మొత్తానికీ వేస్తే తమ్ముడి కొట్టు మూతే, కంపెనీలు చేతులు దులుపుకున్న రౌటర్లకు వేరే సాఫ్టువేరు ఎక్కించి ప్రాణం పోస్తాడు వాడు, పక్కవీధి బడిలో పిల్లలు చదువుకునేది వాటితోనే, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు కాదూ ఇది, కానీ ఎలుక ఉన్నమాటా నిజమే, కిందటి వానాకాలం సిగ్నలు వీధి చివరిదాకా పారాలని మేడమీది రౌటరు బలం పెంచింది వాడే, ఆ సిగ్నలు అడ్డుపడి వాతావరణ రాడారు తెర మీద ఆ దిక్కంతా తెల్లటి చార, చార వెనక గాలివాన కనబడలేదు, సిగ్నలు జాడ తీసే యాంటెన్నా పట్టుకుని మెట్లెక్కి వచ్చిన రాడారు ఆఫీసావిడ కేకలేయలేదు, దిగబోతున్న విమానాన్ని ఆఖరి నిమిషంలో మళ్లించాం బాబూ, అని మంచినీళ్లు అడిగి తాగింది, అంతే, వాడికి కొన్నాళ్లు ముద్ద దిగలేదు, ఇప్పుడు మళ్లీ సందట, మరిచాడా వెధవ, లేక అక్క ఉందన్న ధీమాయా.

వద్దురా, సందంటూ ఉంటే నువ్వొక్కడివే దూరవు, అంది, అవతల నవ్వు ఆగింది, పరాయిదానివై పోయావక్కా, అని పెట్టేశాడు, ఆమె ఫోను సంచిలో పడేసి తిన్నగా మేనేజరు గదికి నడిచింది, రేడియోకే తాళం వేస్తాను సార్, మిగతాది కొనుక్కున్నవాళ్లది, మొత్తానికీ అయితే నేను ఆమోదించను, ఆయన కళ్లజోడు తీశాడు, సరుకు ఓడెక్కాలమ్మా, నీ ప్రమోషను కాగితం కూడా నా బల్ల మీదే ఉంది, తెలుసా, తెలుసు సార్, తర్వాతి ఓడలో పంపుదాం, అంది, అయితే ఆలస్యానికి జవాబు చెప్పడానికి పైవాళ్ల ముందు నువ్వే నిలబడు, అన్నాడు, నిలబడతాను.

నిలబడగలదు, అది ఆమెకు నడవాలోకి వచ్చాక తెలిసింది, తమ్ముడికి ఆ సందు వదిలి ఉంటే ఇందాక ఆయన కళ్లలోకి చూసి మాట్లాడలేకపోయేది, కాదనడం సొంత ఇంట్లో మొదలుపెట్టింది గనకనే బయట నోరు తడబడలేదు, వాడి కోపం ఎన్నాళ్లుంటుందో ఉండనీ, కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది, అనుకుంటూ పరీక్షగది తలుపు లాగి లోపలికి వెళ్లి పనిలో కూర్చుంది.