వసుమతి ఊడదీసిన రోటర్

ఆదివారం ఉదయం టైరు మార్చి ఆఖరి నట్టు బిగిస్తుండగా ఫట్‌మంది. నట్టుతోపాటు అది ఎక్కే స్టడ్ అనే మరల కడ్డీ కూడా సగానికి విరిగి వసుమతి చేతిలోకొచ్చింది. మర్నాడు ఆరింటికల్లా ఆమె అట్లాంటా ఆస్పత్రిలో ఉండాలి. నర్సింగ్ కోర్సులో ఆఖరి వారం. ఒక్కరోజు మానినా ఫెయిలే. వాళ్లుండే కమ్మింగ్‌నుంచి అక్కడికి బస్సు లేదు, మెకానిక్ షాపులు మూసేశారు. భర్త కిరణ్‌కుమార్ డల్లాస్‌లో ఉన్నాడు.

స్టడ్ మార్చే వీడియో రెండుసార్లు చూసి, మైలున్నర నడిచి పార్ట్స్ షాపులో కొత్త స్టడ్ కొనుక్కొచ్చింది.

"అబ్బాయి వచ్చాక చూసుకోవచ్చు కదమ్మా?" అన్నాడు మామగారు దత్తాత్రేయ. లెక్కల మాస్టారుగా రిటైరై, ఆర్నెల్లుండి పోదామని వచ్చాడాయన.

"ఆయనొచ్చేది గురువారం మామయ్యగారూ."

"బ్రేకులమ్మా అవి!"

"అందుకే నిదానంగా చేస్తా."

జాకీతో కారు లేపి, కింద స్టాండు పెట్టి, చక్రం తీసింది. లోపల మిగిలిన స్టడ్ ముక్క రావాలంటే ముందు రోటర్ ఊడాలి. బ్రేకు నొక్కితే ప్యాడ్లు పట్టుకునే ఇనప పళ్లెం అది. ఆ ప్యాడ్లుండే కాలిపర్ విప్పి, దాని బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టింది. రోటర్ మాత్రం తుప్పుకు అతుక్కుపోయి అంగుళం కదల్లేదు. నూనె కొట్టింది, రబ్బరు సుత్తితో చుట్టూ బాదింది. గంట గడిచేసరికి భుజాలు పడిపోయాయి. చెమట తుడుచుకుని మళ్లీ సుత్తెత్తింది.

"ఆగమ్మా," అంటూ దత్తాత్రేయ కళ్లజోడు సవరించుకుని వంగాడు. "ఈ రెండు చిల్లులు చూడు. స్టడ్‌లు దూరేవి కావు. లోపల మరలెందుకున్నాయి వీటికి?"

వసుమతి ఆ చిల్లుల్లోకి తొంగి చూసి, గరాజ్‌లోకి పరుగెత్తింది. డబ్బాలో వెదికి సరిపోయే బోల్టులు రెండు తెచ్చి, అటొక చుట్టూ ఇటొక చుట్టూ బిగిస్తూ వచ్చింది. నాలుగో చుట్టుకి బోల్టుల కొసలు వెనకున్న ఇనుముని నెట్టి, ఠంగుమని రోటర్ వదిలింది.

"వచ్చేసింది!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

విరిగిన ముక్క సుత్తిదెబ్బకు వెనక్కి పడింది. కొత్తదాన్ని వెనకనుంచి దూర్చి, వాషర్లు వేసి, నట్టు బిగిస్తూ గట్టిగా లోపలికి లాగింది. అన్నీ తిరిగి బిగించి, పెడల్ గట్టిపడేదాకా బ్రేకు తొక్కింది. ఒకసారి నడిపి చూద్దామని స్టీరింగ్ ముందు కూర్చునేసరికి, దత్తాత్రేయ వచ్చి పక్క సీట్లో బెల్టు పెట్టుకుంటున్నాడు.

"మీరెందుకు మామయ్యగారూ? ముందు నేను చూసొస్తాను."

"బండి పోనీయమ్మా," అన్నాడాయన.

కాలనీలో మూడు చుట్లు తిరిగారు. ఇంటికొచ్చి నట్లన్నీ మళ్లీ బిగించి చూసింది. సోమవారం ఆరుకి పావుగంట ముందే ఆమె కారు ఆస్పత్రి పార్కింగ్‌లో ఆగింది.